తల నుంచి కాలిదాకా బ్రౌన్: శనివారం రాత్రికి ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: నా వయసు 27. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, చామనఛాయ, కాస్త పొట్ట ఉంది. పైనుంచి కిందిదాకా ఒకే రంగు బట్టలు వేసుకునే ఫ్యాషన్ నాకు బాగా నచ్చింది. మొన్న నల్ల షర్టు, నల్ల ప్యాంటు వేసుకుంటే రూమ్మేటు "మాల ఎప్పుడు వేశావ్?" అన్నాడు. పై శనివారం మాదాపూర్‌లో ఫ్రెండ్ పుట్టినరోజు ఉంది. ముందు డిన్నర్, తర్వాత పబ్. బైక్ మీదే వెళ్తాను. ఈసారి బ్రౌన్ వేసి చూద్దామనుకుంటున్నాను. కానీ షర్టుకీ ప్యాంటుకీ ఒకే షేడు దొరకడం లేదు. షాపులో సరిపోయినట్టే అనిపించింది ఇంటికి తెచ్చాక వేరుగా కనిపిస్తోంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా ఒకే షేడు కోసం వెతకడం ఆపేయండి. మీ ఇబ్బందంతా అక్కడే మొదలైంది. అచ్చంగా ఒకే షేడులో షర్టూ ప్యాంటూ దొరికినా చూసేవాళ్లకు అది యూనిఫాంలాగే కనిపిస్తుంది. దొరకక, దగ్గర దగ్గరగా ఉన్న రెండు ముక్కలు వేసుకుంటే, సరిపోల్చబోయి తప్పారనుకుంటారు. ఒకే రంగు బట్టలు బాగా కుదిరాయంటే అక్కడ రెండు పనులు జరిగాయన్నమాట. రంగు వంశం ఒకటే ఉంటుంది. ముదురు లేతల్లోనో నేతలోనో తేడా మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కొంచెం తేడా ఉంటే పొరపాటనుకుంటారు, బాగా తేడా ఉంటే కావాలనే అలా వేసుకున్నారని తెలిసిపోతుంది.

రంగు వంశం అంటే ఏమిటో వంటింట్లోకి వెళ్తే అర్థమవుతుంది. ధనియాలు, గోధుమలు, కొత్త బెల్లం ఒక పక్కన పెట్టండి. వక్క, చింతపండు, ఇటుక ముక్క ఇంకో పక్కన పెట్టండి. అన్నీ బ్రౌనే. కానీ మొదటి గుంపులో పసుపు జీర ఉంది, రెండో గుంపులో ఎరుపు జీర ఉంది. ధనియాల రంగు ప్యాంటు మీద వక్క రంగు షర్టు వేస్తే ఎంత ఖరీదైనవైనా కలవవు. అదే వక్క రంగు మీద చింతపండు రంగు వేస్తే, ఒకటి బాగా ముదురు, ఒకటి కొంచెం లేత అయినా, చక్కగా కలిసిపోతాయి. కాబట్టి షాపులో "ఇది మ్యాచ్ అవుతుందా?" అని అడగకండి. "రెండింటిలో ఉన్నది ఎరుపు జీరా, పసుపు జీరా?" అని మీరే చూసుకోండి. తెల్ల కాగితం మీద రెండు బట్టలూ పక్కపక్కన పెట్టి, పగటి వెలుతురులో చూస్తే జీర వెంటనే బయటపడుతుంది.

పగటి వెలుతురు అని ఊరికే అనడం లేదు. షాపులో సరిపోయింది ఇంట్లో సరిపోకపోవడానికి కారణం ఉంది. కాటన్‌కి వేసే రంగులు వేరు, పాలిస్టర్‌కి వేసే రంగులు వేరు. షాపులోని తెల్లటి ఎల్‌ఈడీ వెలుతురులో రెండూ ఒకేలా కనిపించినా, పసుపు బల్బు కిందికి రాగానే ఒకటి ఎర్రబడుతుంది, ఇంకొకటి ఆకుపచ్చ వైపు జారుతుంది. అద్దకం పనివాళ్లకు ఇది పాత తలనొప్పి. దాన్ని తప్పించుకునే సులువైన దారి, కనీసం ఒకదానికొకటి తగిలి ఉండే రెండు ముక్కలైనా ఒకే రకం దారంతో నేసినవి కావడం. ప్యాంటు కాటన్ అయితే దాని మీదికి వచ్చే టీషర్టు కూడా కాటనే తీసుకోండి.

ఇక మీ కోసం. మీ ఎత్తుకీ పొట్టకీ సరిపడేలా మా సలహా ఇది. లోపలి టీషర్టు, ప్యాంటు రెండూ ముదురు బ్రౌన్, వేయించిన కాఫీ గింజ రంగు. దాని మీద గుండీలు పెట్టకుండా వదిలేసిన ఓవర్‌షర్టు, రెండు మెట్లు లేత, పాత బెల్లం రంగు. బూట్లు, సాక్సులు మళ్లీ కాఫీ గింజ రంగులోనే. మెడ నుంచి పాదం దాకా మధ్యలో ఎక్కడా తెగని ముదురు పట్టీ ఒకటి పడుతుంది, చూపు నడుము దగ్గర ఆగదు. అందుకే మనిషి పొడుగ్గా కనిపిస్తాడు. ఓవర్‌షర్టు అంచులు రెండు పక్కలా నిలువు గీతల్లా దిగుతాయి కాబట్టి పొట్ట సగం వాటి వెనక్కి వెళ్తుంది. చాలామంది దీన్ని తిరగేసి, లోపల లేత రంగు, పైన ముదురు రంగు వేస్తారు. సన్నగా ఉన్నవాళ్లకు అది బాగుంటుంది. మీకైతే వెలుగంతా పొట్ట మీదే పడుతుంది.

కాఫీ గింజ రంగు టీషర్టు, ప్యాంటు ఒకే షేడు కావాలా అంటే, అక్కర్లేదు. టీషర్టు అల్లిక బట్ట, ప్యాంటు ఏటవాలు గీతలుండే ట్విల్. నేత వేరైనప్పుడు కాస్త తేడాని కన్ను క్షమించేస్తుంది. జీర మారితే మాత్రం క్షమించదు.

బట్ట బరువు సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ సగం అందం అక్కడే ఉంది. టీషర్టు 180 నుంచి 220 జీఎస్‌ఎం మధ్య ఉండాలి. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 140, 150 జీఎస్‌ఎం పలచటి టీషర్టు కొత్తగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, కాస్త చెమట పట్టగానే పొట్టకి అంటుకుంటుంది. ప్యాంటు 240 నుంచి 280 దాకా ఉంటే నిలువుగా జారుతుంది, మోకాళ్ల దగ్గర సంచుల్లా ఉబ్బదు. బైక్ నడుపుతారు కాబట్టి కాటన్‌లో 2 శాతం సాగే దారం ఉన్నది తీసుకోండి. ఓవర్‌షర్టు సన్నగీతల కార్డ్యురాయ్ (నిలువు గీతల్లా నూగు లేచి ఉండే బట్ట) అయితే ఈ మొత్తంలో అదే ప్రాణం అవుతుంది. పబ్ ఏసీలో వేడిగా ఏమీ ఉండదు, బయట మాత్రం తీసి చేత్తో పట్టుకోవాల్సి వస్తుంది. అది వద్దనుకుంటే గరుకు నేత లినెన్ తీసుకోండి. నలుగుతుంది, ఆ నలుగుడే అందం.

కార్డ్యురాయ్ కొంటే ఒక్క పని చేయండి. చేత్తో పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి నిమరండి. ఒక వైపు నున్నగా పోతుంది, ఇంకో వైపు గుచ్చుకున్నట్టు లేస్తుంది. నూగు పైకి ఉన్నప్పుడు రంగు ముదురుగా, నిండుగా కనిపిస్తుంది. కిందికి ఉన్నప్పుడు లేతగా, మెరుస్తూ కనిపిస్తుంది. బట్ట కొని కుట్టించుకునేవాళ్లు టైలర్‌కి ఈ మాట గట్టిగా చెప్పాలి. వెనక ముక్క ఒక దిక్కుకీ, చేతులు ఇంకో దిక్కుకీ కత్తిరిస్తే ఒకే తానులోంచి తీసిన బట్ట రెండు రంగుల్లో కనిపిస్తుంది. తర్వాత దానికి మందు లేదు.

కుట్టించుకునే ఉద్దేశం ఉంటే సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట తాను బట్ట చూడండి. 58 అంగుళాల పన్నా ఉన్న బట్ట మీ ఎత్తుకి ప్యాంటుకి 1.2 మీటర్లు, ఫుల్ హ్యాండ్స్ షర్టుకి 1.6 మీటర్లు సరిపోతుంది. 36 అంగుళాల పన్నా అయితే షర్టుకి రెండుంబావు మీటర్లు పడుతుంది. కార్డ్యురాయ్ అయితే నూగు దిక్కు చూసి కత్తిరించాలి కాబట్టి ఇంకో పావు మీటరు కలుపుకోండి. ఓవర్‌షర్టు ఒక్కటీ కుట్టించుకుని మిగతావి రెడీమేడ్ కొనుక్కోవడం అన్నిటికంటే మంచిది. భుజాల దగ్గర ఫిటింగ్ తేడా వస్తే మొత్తం పోతుంది.

2025కి, రంగులకు ప్రమాణాలు పెట్టే పాంటోన్ సంస్థ ఏటి రంగుగా ఎంచుకున్నది మోకా మూస్ అనే లేత బ్రౌన్. పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగు. దాన్ని తలనుంచి కాలిదాకా వేసుకోమని మేం చెప్పం. చామనఛాయ ఒంటి మీద మెడ దగ్గర ఆ రంగు చర్మంలో కలిసిపోయి, మొహం వాడినట్టు కనిపిస్తుంది. ఓవర్‌షర్టుకైతే పరవాలేదు, లోపల ముదురు టీషర్టు దాన్నీ మెడనీ విడదీస్తుంది. ఏ బ్రౌన్ కొన్నా గడ్డం కింద పెట్టుకుని అద్దంలో చూడండి. ముందు బట్ట కనిపిస్తే వద్దు, ముందు మొహం కనిపిస్తే తీసుకోండి.

ఇప్పుడు చిన్న వస్తువులు. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. జీన్స్‌కి ఉండే నారింజ రంగు దారం కుట్టు ఒకే రంగు అనే మాటనే చెరిపేస్తుంది, అందుకే కుట్టు దారం బట్ట రంగులోనే ఉన్న ప్యాంటు తీసుకోండి. ఓవర్‌షర్టుకి తెల్ల గుండీలు ఉంటే మార్పించండి. షర్టు ముందు గుండీల మామూలు సైజు 18 లైను, అంటే సుమారు 11.5 మిల్లీమీటర్లు. ఒక పాత గుండీ తీసుకెళ్లి అదే కొలతలో ముదురు బ్రౌన్ అడగండి. ముందు ఏడు, కఫ్‌లకి నాలుగు, ఒకటి రెండు అదనం. సైజు తగ్గితే కాజాలోంచి జారిపోతుంది. ప్యాంటు పక్క జేబుల్లో తెల్ల లైనింగ్ ఉందేమో కూర్చుని చూడండి. నిలబడితే కనిపించదు. కూర్చోగానే జేబు నోరు తెరుచుకుని, ముదురు ప్యాంటు మీద రెండు తెల్ల నాలుకల్లా బయటికొస్తాయి. ప్యాంటు పక్కలు బిగుతుగా ఉండటం వల్లే అలా అవుతుంది. అందుకని నడుము సరిపోయినా తొడల దగ్గర లూజు ఉన్న కట్ చూడండి.

తెల్ల బనియన్ వద్దు. టీషర్టు మెడలోంచి ఒక్క వేలెడు కనిపించినా చూపు అక్కడికే పోతుంది. సాక్సులు ప్యాంటు రంగులో, పిక్క సగం దాకా వచ్చేవి. డిన్నర్ దగ్గర కాలు మీద కాలు వేసుకున్నప్పుడు వెంట్రుకల కాలు మధ్యలో కనిపిస్తే మెడ నుంచి పాదం దాకా వేసిన గీత అక్కడ తెగిపోతుంది. బూట్లు ముదురు బ్రౌన్ లోఫర్లు. స్వెడ్, అంటే నూగు ఉండే తోలు, అయితే ఇంకా బాగుంటుంది, వాన పడే రోజుల్లో మాత్రం మామూలు తోలువే నయం, స్వెడ్ తడిస్తే మరకలు పడతాయి. తెల్ల స్నీకర్స్ వేసుకుంటే ఎత్తు మీద ఆశ వదులుకోవాల్సిందే. ప్యాంటు అంచు బూటు మీద చిన్న మడత పడేంత పొడవు చాలు. ఓవర్‌షర్టు పొడవు ప్యాంటు జిప్పులో సగం దాకా రావాలి, అంతకంటే కిందికొస్తే కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. వాచీ, బెల్టు బకిల్ ఒకే లోహపు రంగు. బ్రౌన్‌కి ఇత్తడి రంగు బాగా నప్పుతుంది.

పబ్ వెలుతురు గురించి వేరుగా చెప్పాలి. నీలం ఎల్‌ఈడీ కింద బ్రౌన్ దాదాపు నల్లగా మారిపోతుంది, ఎందుకంటే బ్రౌన్ బట్ట నీలం వెలుతురుని తిప్పి పంపదు. ఎర్ర లైటు కింద అదే బట్ట లేతగా, కడిగేసినట్టు కనిపిస్తుంది. అంటే లోపల వేసుకున్న కాఫీ గింజకీ పైన వేసుకున్న బెల్లానికీ ఉన్న తేడా అప్పుడు ఆరిపోవచ్చు. మిగిలేది నేత ఒక్కటే. కార్డ్యురాయ్ గీతల మీద వెలుగూ నీడా పడుతుంది, టీషర్టు మీద పడదు, ట్విల్ మీద ఇంకోలా పడుతుంది. మూడు నేతలు పెట్టుకోమన్నది ఇందుకే. ఊదా రంగు యూవీ లైట్లు ఉన్న చోట ఇంకో సమస్య వస్తుంది. డిటర్జెంట్లలో తెల్లదనం కోసం కలిపే పదార్థం ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది. ముదురు బట్ట మీద అంటుకున్న తెల్ల నూగు, టవల్ పోగులు అన్నీ చుక్కల్లా వెలుగుతాయి. బయటికి వెళ్లే ముందు వెడల్పు టేపు వేలికి తిరగేసి చుట్టుకుని భుజాలు, ఛాతీ, ప్యాంటు ముందు భాగం అద్దండి.

బట్టలన్నీ ఈ వారంలోనే కొనేయండి. కాలు పొడవు, నడుము ఆల్టరేషన్‌కి రెండు మూడు రోజులు పోతాయి. కొత్తవి ఉతక్కుండా వేసుకోకండి. ముదురు బ్రౌన్‌లో పైకి తేలిన రంగు ఉంటుంది, అది లేత రంగు సోఫాకి, పక్కన కూర్చున్నవాళ్ల తెల్ల షర్టుకి అంటుతుంది. తడి తెల్ల గుడ్డతో లోపలి కుట్టు దగ్గర పది సార్లు రుద్ది చూడండి. రంగు అంటితే తిరగేసి చల్లటి నీళ్లలో విడిగా రెండు మూడు సార్లు ఉతకండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలబడుతుందని ఇళ్లలో అంటారు. ఫ్యాక్టరీలో వేసిన రంగుల మీద ఉప్పు పని చేయదు, మిగులు రంగు పోవాలంటే ఉతకడమే దారి.

గురువారం రాత్రి అన్నీ వేసుకుని చూడండి. ఇరవై నిమిషాల పని. మొదట పసుపు బల్బు కింద నిలబడి జీరలు కలిశాయో లేదో చూసుకోండి. తర్వాత గదిలో లైట్లార్పేసి టీవీ తెరో ల్యాప్‌టాప్ తెరో పూర్తిగా నీలం చేసి దాని ముందు నిలబడండి, పబ్‌లో ఎలా కనిపిస్తారో చాలావరకు తెలుస్తుంది. ఆ తర్వాత ఫోన్‌తో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీయించుకోండి. పాలిస్టర్ కలిసిన బట్ట అయితే ఫ్లాష్‌లో బూడిద రంగులో మెరుస్తుంది. ఇంకో ఫొటో ఫ్లాష్ లేకుండా తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఈ పరీక్ష ఒక్కటి చేసినా చాలు. ఆ ఫొటోలో ఓవర్‌షర్టూ టీషర్టూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే తేడా చాలలేదన్నమాట, ఓవర్‌షర్టు ఇంకో మెట్టు లేతది కావాలి. ఓవర్‌షర్టు పట్టీలు రెండూ స్పష్టంగా విడిపోయి కనిపిస్తే ఇక దేన్నీ కదపకండి. చివరగా కుర్చీలో కూర్చుని, చేతులు పైకెత్తి, వంగి చూడండి. జేబులు, సాక్సులు, నడుము వెనక భాగం అప్పుడే బయటపడతాయి.

నల్లరంగు మాట. మీ రూమ్మేటు అన్నదాంట్లో తప్పు లేదు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన ఊళ్లలో నల్ల షర్టూ నల్ల ప్యాంటూ చూస్తే ముందు గుర్తొచ్చేది అయ్యప్ప దీక్షే. ఆ బట్టలకి ఒక గౌరవం ఉంది, ఆ రోజుల్లో వాటితో పబ్‌కి వెళ్లకపోవడమే మర్యాద. మిగతా రోజుల్లో పబ్ గుమ్మం దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. బౌన్సర్లు వేసుకునేది ఎక్కువగా నల్ల టీషర్టు, నల్ల ప్యాంటే, లోపల వడ్డించేవాళ్లు వేసుకునేదీ చాలాచోట్ల నలుపే. మిమ్మల్ని ఆపి ఎవరైనా టేబుల్ ఎక్కడని అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. తెలుపు మీద తెలుపు వేస్తే నాయకుడి వేషం, ఖాకీ మీద ఖాకీ వేస్తే పోలీసు వేషం. బ్రౌన్‌కి మన దగ్గర అలాంటి ముద్ర ఏదీ పడలేదు. మీరు ఎంచుకున్న రంగు సరైనదే. ఉన్న నల్లబట్టలు పారేయకండి. కాటన్ నలుపు ఉతికే కొద్దీ ఒకటి ఎర్రగా, ఒకటి బూడిదగా పాలిపోతుంది కాబట్టి వాటిని జతగా వేయకుండా విడివిడిగా వాడుకోండి.

శనివారం బైక్ ఎక్కేటప్పుడు ఓవర్‌షర్టు వేసుకోవద్దు. పొడవునా చుట్టి బ్యాగులో పెట్టుకోండి, మడత పెడితే గీతలు పడతాయి. డియోడరెంట్ రాసుకున్నాక కనీసం ఐదు నిమిషాలు ఆరనివ్వండి, లేకపోతే ముదురు టీషర్టు చంకల దగ్గర తెల్ల చారలు పడతాయి. రాత్రి పూట ముదురు బట్టల్లో బైక్ నడుపుతుంటే వెనక వచ్చే లారీకి మీరు కనిపించరు. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ దాకానే అయినా పైన మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకుని వెళ్లండి, చేరాక తీసి బ్యాగులో పెట్టేయొచ్చు. ఈ ఒక్క విషయంలో అందం గురించి ఆలోచించొద్దు. పబ్‌కి వెళ్లే ఉద్దేశం ఉంది కాబట్టి, మందు తీసుకుంటే బైక్ అక్కడే వదిలేసి క్యాబ్‌లో రండి.

తిరిగొచ్చాక టీషర్టు, ప్యాంటు కలిపే ఉతకండి, ఒకటి వదిలేసి ఒకటి ఉతికితే నాలుగు నెలల్లో ఒకటి పాలిపోయి జత చెడిపోతుంది. తిరగేసి, చల్లటి నీళ్లలో, నీడలో ఆరేయండి. మేడ మీద ఎండలో తీగకి వేలాడదీస్తే ముందు పాలిపోయేవి భుజాలే. కార్డ్యురాయ్ ఓవర్‌షర్టు మీద ఇస్త్రీ పెట్టె నేరుగా అదిమితే నూగు అణిగిపోయి మెరుపు మచ్చలు పడతాయి, లోపలి వైపు నుంచి ఆవిరి పట్టించి, హ్యాంగర్‌కి వేసి వదిలేయండి.